ఎవరు కూరారో తెలియని తూటా

మొన్నామధ్య ఒక శనివారం జరిగిన సంగతి. డాలస్ నుంచి గంటన్నర దూరంలో మా బందరు బావ పదెకరాల బీడు కొన్నాడు (చుట్టరికం ఏమీ లేదు, ఊళ్ళు దగ్గరని బావా అని పిలుచుకుంటాం). అక్కడ బార్బెక్యూ, పేకాట, ఓ మూల మట్టికట్ట ముందు తుపాకీ కాల్పులు. మొత్తం పదకొండు మందిమి. అందులో ఏడుగురు సాఫ్టువేరే, వేరే చెప్పాలా :)

మా గుడివాడ కుర్రాడు ఒకడున్నాడు. వచ్చి రెండేళ్ళయింది, బంగారం లాంటి పిల్లాడు. బావ వాడి చేతికి 9 ఎం.ఎం. పిస్తోలు ఇచ్చి, పక్కన ఒక జిప్‌లాక్ సంచి పెట్టాడు. సంచి నిండా తూటాలు. పెట్టె లేదు, పేరు లేదు, లాట్ నంబరు లేదు. "ఎక్కడివి బావా?" అంటే "గన్ షో బయట పార్కింగ్ లాట్‌లో ఒక పెద్దాయన ఇచ్చాడ్రా, సొంతంగా రీలోడ్ చేసినవి. సగం ధర" అన్నాడు, ఏదో బందరు లడ్డు బేరమాడి తెచ్చినట్టు.

కుర్రాడు పేల్చాడు. ఢాం, ఢాం, ఢాం. నాలుగోసారి "టప్" అంది. అంతే. వాడు "ఇది తుస్సుమంది అన్నాయ్" అని నవ్వుతూ స్లైడు వెనక్కి లాగాడు. ఖాళీ కేసు కింద పడింది, కొత్త తూటా లోపలికెళ్ళింది. మళ్ళీ గురి పెట్టాడు. నేను ఎంత గట్టిగా అరిచానంటే పేకాట ఆగిపోయింది.

తుపాకీ ఖాళీ చేయించి, విప్పించి, బార్బెక్యూ దగ్గర కబాబులు గుచ్చే వెదురు పుల్ల ఒకటి తెచ్చి గొట్టంలోకి వదిలాను. సగం దూరం వెళ్ళి ఆగిపోయింది. గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉంది. ఆ కుర్రాడు ఇంకొక్కసారి వేలు కదిపి ఉంటే ఏమయ్యేదో నేను వేరే చెప్పక్కర్లేదు. వాళ్ళమ్మ గుడివాడలో ప్రతి ఆదివారం వాడి వీడియో కాల్ కోసం ఎదురు చూస్తూ ఉంటుంది.

ఇంతకీ నాకు కోపం తెప్పించింది ఆ గుండు కాదు. ఆ తర్వాత బావ అన్న మాట: "ఒకటి తేడా వస్తే ఏమైందిరా, మిగతావి బానే పేలాయిగా. ఏం కాదులే. పక్కన పెట్టి ఇంకో తుపాకీ తీద్దాం." అంటే ఆ సంచిలోవే ఇంకో తుపాకీలో పెట్టి కాలుద్దామని!

ఆ "ఏం కాదులే" మీదే నా యుద్ధం.

మాది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లెటూరు. మా చిన్నప్పుడు దీపావళికి మందుగుండు సగం ఇంట్లోనే తయారయ్యేది. సురేకారం, గంధకం, బొగ్గుపొడి, ఇనప రజను. మా తాతయ్య అరుగు మీద కూర్చుని చిచ్చుబుడ్లు కూరేవాడు. పిల్లల్ని దగ్గరకు రానిచ్చేవాడు కాదు, ఆ పూట చుట్ట కూడా ముట్టేవాడు కాదు. కూరడం అయ్యాక ప్రతి బుడ్డి మీదా సున్నంతో ఒక చుక్క పెట్టేవాడు. పండగ రోజు ఎవరో బంధువు సంచిలో వేసుకొచ్చిన బుడ్లు కలిసిపోతే, చుక్క లేనివన్నీ ఏరి కాలవలో పడేసేవాడు. "మంచివేమో తాతయ్యా" అని ఏడ్చేవాళ్ళం. "మంచివే అయ్యుండొచ్చురా. ఎవడు కూరాడో నాకు తెలీదు" అనేవాడు. అంతకంటే ఎక్కువ వాదించేవాడు కాదు.

నాలుగో తరగతి చదివిన ఆయనకి అర్థమైన విషయం, ఎం.ఎస్.లు చేసి, ప్రొడక్షన్ సర్వర్లో ఒక లైను మార్చడానికి ముగ్గురి అప్రూవల్ అడిగే మనకి ఎందుకు అర్థం కాదు?

సరే, విషయానికొద్దాం. తుపాకీల సంగతి తెలియని వాళ్ళ కోసం కొంచెం వివరంగా చెప్తాను, తెలిసిన వాళ్ళు ఓపిక పట్టండి.

తూటాలో నాలుగు భాగాలు. ఇత్తడి తొడుగు, దాన్ని కేసు అంటారు. కేసు అడుగున ప్రైమరు, అంటే అగ్గిపుల్ల లాంటిది. లోపల పౌడరు. మూతి దగ్గర గుండు. పేలాక గుండు వెళ్ళిపోతుంది, పౌడరు కాలిపోతుంది, ప్రైమరు చచ్చిపోతుంది. ఇత్తడి కేసు ఒక్కటే మిగులుతుంది. దాన్ని ఏరి, పాత ప్రైమరు తీసేసి, కేసుని మళ్ళీ సరైన కొలతకి నొక్కి, కొత్త ప్రైమరు, కొత్త పౌడరు, కొత్త గుండు పెట్టడమే రీలోడింగ్. అమెరికాలో ఇదొక పెద్ద హాబీ. అచ్చయిన లోడ్ పుస్తకాలున్నాయి, త్రాసులున్నాయి, ప్రెస్సులున్నాయి. పద్ధతిగా చేసేవాళ్ళు ప్రతి పెట్టె మీదా తేదీ, పౌడరు పేరు, ఎంత పోశారు, ఏ గుండు, అన్నీ రాసుకుంటారు. వాళ్ళ మీద నాకు గౌరవమే. మన కమిట్ లాగ్ కంటే వాళ్ళ నోట్‌బుక్ చాలా నయం.

ఇప్పుడు లెక్కలు చూడండి. 9 ఎం.ఎం. తూటా లోపల పుట్టే ఒత్తిడికి అమెరికన్ పరిశ్రమ ప్రమాణం పెట్టిన గరిష్ఠ పరిమితి 35,000 పి.ఎస్.ఐ. మీ కారు టైరులో ఉండేది సుమారు 35. అంటే వెయ్యి రెట్లు. .223 రైఫిల్ తూటాకి ఆ పరిమితి 55,000. ఇదంతా మీ అరచేతిలో, మీ మొహానికి రెండడుగుల దూరంలో జరుగుతుంది.

ఆ ఒత్తిడిని పుట్టించే పౌడరు ఎంతో తెలుసా? త్వరగా మండే రకం అయితే నాలుగైదు గ్రెయిన్లు. ఒక పౌనులో 7,000 గ్రెయిన్లు. అంటే ఐదు గ్రెయిన్లు మూడో వంతు గ్రాము కంటే తక్కువ. మన కంసాలి లెక్కలో చెప్పాలంటే రెండున్నర, మూడు గురివింద గింజల ఎత్తు. చారులో ఉప్పు వేసేటప్పుడు చేతికి అంటుకుని మిగిలేది ఇంతకంటే ఎక్కువ ఉంటుంది. అంత చిన్న కొలత రెండుసార్లు పడితే? అసలు పడకపోతే? రెండూ ప్రమాదమే, ఎలాగో చూడండి.

1. పౌడరు అసలు పడలేదు. ప్రైమరు ఒక్కటే పేలుతుంది. దాని బలానికి గుండు కేసులోంచి బయటకొచ్చి గొట్టంలో ఇరుక్కుంటుంది. దీన్నే స్క్విబ్ అంటారు, ఆ రోజు "టప్" అన్నది ఇదే. దీనివల్ల ఏమీ కాదు. దాని వెనకాల ఇంకోటి పేలిస్తే గొట్టం ఉబ్బుతుంది, లేదా పగులుతుంది. త్వరత్వరగా పేల్చేవాడికి, చెవులకి మఫ్స్ పెట్టుకున్నవాడికి ఆ "టప్" వినపడకపోవచ్చు కూడా.

2. పౌడరు రెండుసార్లు పడింది. ప్రెస్సు తిప్పుతూ మధ్యలో ఫోనొచ్చింది, వెనక్కొచ్చి ఎక్కడ ఆపానో మర్చిపోయాడు, అంతే. త్వరగా మండే పౌడరు కేసులో కొంచెమే జాగా తీసుకుంటుంది కాబట్టి .38 స్పెషల్ లాంటి పొడుగు కేసులో రెండో మోతాదు పడినా పొంగిపోదు, సుబ్బరంగా దాక్కుంటుంది. పైన గుండు పెట్టేశాక బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

3. పౌడరు రకం మారింది. పిస్తోలు పౌడరు త్వరగా మండుతుంది, రైఫిల్ పౌడరు నిదానంగా. డబ్బా తారుమారై రైఫిల్ కేసులో పిస్తోలు పౌడరు నింపితే అది తూటా కాదు, బాంబు.

4. గుండు కాస్త లోపలికి దిగిపోయింది. లోపలి ఖాళీ తగ్గితే ఒత్తిడి పెరుగుతుంది. 9 ఎం.ఎం. లాంటి చిన్న కేసులో మిల్లీమీటరు కూడా చిన్న తేడా కాదు.

5. ఇత్తడి అలిసిపోయింది. పేలిన ప్రతిసారీ కేసు సాగుతుంది, మళ్ళీ నొక్కుతారు. ముఖ్యంగా రైఫిల్ కేసులు కొన్నిసార్లయ్యాక అడుగు దగ్గర పల్చబడి తెగిపోతాయి. జిప్‌లాక్ సంచిలో ఉన్నది ఎన్నో కాన్పో ఎవరికి తెలుసు?

6. అసలు తూటాయే వేరు. .300 బ్లాకౌట్ తూటా .223 రైఫిల్లో దూరుతుంది. మ్యాగజీను ఒకటే, కేసు అడుగు ఒకటే, గుండు మాత్రం గొట్టం కంటే లావు. పేల్చితే రైఫిల్ ముక్కలవుతుంది. ఫ్యాక్టరీ పెట్టె మీద ఆ పేరు రాసుంటుంది. సంచి మీద ఏం రాసుంటుంది?

"తూకం వేసి చూస్తే తెలియదా?" అని మనలో తెలివైనవాళ్ళు అడుగుతారు. నేనూ అడిగాను. పిస్తోలు తూటాల్లో నమ్మకంగా తెలియదు. తేడా నాలుగైదు గ్రెయిన్లు. రకరకాల కంపెనీల ఇత్తడి కేసుల బరువుల్లోనే అంత తేడా ఉంటుంది. నాయిస్ సిగ్నల్ కంటే పెద్దదైనప్పుడు ఏం కొలుస్తారు? బయట నుంచి పరీక్షించే దారి లేదు. పేల్చి చూడటం ఒక్కటే పరీక్ష, కానీ అందులో టెస్టు ఎన్విరాన్‌మెంటు మీ చెయ్యి.

ఇంకో మాట. "ఈ సంచిలోవి ఇప్పటికే నలభై కాల్చాం, ఏం కాలేదు" అన్నాడు బావ. నలభై బాగున్నంత మాత్రాన నలభై ఒకటోది బాగున్నట్టు కాదు. ప్రతి తూటా విడిగా నింపినదే. వియత్నాం యుద్ధంలో అమెరికా వాళ్ళు 1967లో "ఎల్డెస్ట్ సన్" అని ఒక రహస్య పథకం మొదలెట్టారు. శత్రువుల తూటాలు సంపాదించి, కొన్నిట్లో పౌడరు తీసేసి పేలుడు పదార్థం నింపి, మళ్ళీ వాళ్ళ నిల్వల్లోనే ఒక పెట్టెకి ఒకటి చొప్పున కలిపేసేవారు. మిగతావన్నీ మంచివే! ఆ ఒక్కటి ఎవడి తుపాకీలోకి వస్తే వాడి పని అయిపోయినట్టే. తన తూటాల మీద తనకే నమ్మకం పోవాలన్నది ఎత్తు. ఎవరు నింపారో తెలియని తూటా అంటే ఒక సైన్యం ఇంకో సైన్యం మీద వాడిన ఆయుధం, బాబూ. దాన్ని మనం డబ్బులిచ్చి కొనుక్కుని, వీకెండుకి స్నేహితులకి పంచిపెడుతున్నాం.

మన రంగంలో అయితే ఈ మాట ఎవరికీ రెండోసారి చెప్పక్కర్లేదు. ఎక్కడిదో తెలియని యు.ఎస్.బి. కనపడితే ల్యాప్‌టాప్‌లో పెట్టం. 2024లో ఎక్స్‌జడ్ లైబ్రరీలో ఎవరో ఏళ్ళ తరబడి నమ్మకం సంపాదించి దొంగ తలుపు పెట్టారని తెలిసినప్పుడు ప్రపంచమంతా హడలిపోయింది. సోర్సు కనపడే కోడుకే అంత భయపడ్డాం. తూటా అనేది సోర్సు లేని బైనరీ. చెక్‌సమ్ లేదు, సంతకం లేదు, రోల్‌బ్యాక్ అసలే లేదు.

"మరైతే రీలోడింగే తప్పంటావా?" అనలేదు. మా ఊళ్ళో వరి విత్తనాల సంగతి చూడండి. సర్టిఫైడ్ విత్తనం బస్తాకి నీలం ట్యాగు ఉంటుంది. మీద రకం పేరు, లాట్ నంబరు, పరీక్ష తేదీ, మొలక శాతం ఉంటాయి. రేపు మొలక రాకపోతే ఆ ట్యాగు పట్టుకుని నిలదీయచ్చు. అది కొనచ్చు. లేదా మన చేలో మనం పండించి, మనం ఆరబెట్టి, మన గాదెలో దాచిన విత్తనం వాడుకోవచ్చు. అదీ మంచిదే. ఈ రెండూ కాకుండా, సంతలో ఎవడో గోనెసంచిలో పోసి "సాంబ మసూరే, సగం ధర" అంటే కొని నారు పోసే రైతుని ఊరంతా ఏమంటుంది? తూటా కూడా అంతే. ఫ్యాక్టరీ పెట్టె నీలం ట్యాగు. మీరే నేర్చుకుని, మీరే నింపి, మీ తుపాకీలో మీరే కాల్చుకుంటే సొంత గాదె. జిప్‌లాక్ సంచి సంతలో గోనెసంచి. విత్తనం మోసం చేస్తే ఒక పంట పోతుంది. తూటా మోసం చేస్తే వేళ్ళు, కళ్ళు.

మా బాబాయి బందరు బి.ఇ.ఎల్.లో పనిచేసి రిటైరయ్యాడు. 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీగా మొదలై, 1983లో బి.ఇ.ఎల్.లో కలిసిన యూనిట్ అది. సైన్యానికి రాత్రిపూట చూసే పరికరాలు చేస్తారు. 2025 అక్టోబరులో గుడివాడకి దగ్గర్లోని నిమ్మలూరులో కొత్త ఫ్యాక్టరీ కూడా ప్రారంభమైంది. బాబాయి ఇంట్లో కూడా ఒకటే మాట: "స్లిప్పు లేని పెట్టె విప్పకు." చిన్నప్పుడు చాదస్తం అనుకునేవాణ్ణి. తుపాకీ మీద బిగించే అద్దానికే అన్ని పరీక్షలు పెట్టే ఊరి నుంచి వచ్చి, తుపాకీ లోపల పెట్టేదానికి "ఎవరో పెద్దాయన" హామీ సరిపోతుందా బావా?

ఆ పెద్దాయన మంచివాడే అయ్యుండొచ్చు. ముప్పై ఏళ్ళుగా చేస్తూ ఉండొచ్చు. కానీ అమెరికాలో సొంతానికి రీలోడ్ చేసుకోడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. వ్యాపారంగా అమ్మాలంటే మాత్రం కావాలి. లైసెన్సు ఉన్నవాడికి చిరునామా ఉంటుంది, లాట్ రికార్డు ఉంటుంది, తేడా వస్తే వెనక్కి పిలుస్తాడు. పార్కింగ్ లాట్ పెద్దాయనకి ఇవేవీ లేవు. చాలా తుపాకీల మాన్యువళ్ళలో రీలోడెడ్ తూటాలు వాడితే వారంటీ చెల్లదని స్పష్టంగా రాసి ఉంటుంది. చాలా రేంజుల్లో రానివ్వరు కూడా. వాళ్ళకేమీ పిచ్చి కాదు. 2020, 21 సంవత్సరాల్లో తూటాల కరువొచ్చి ధరలు మండిపోయినప్పుడు ఈ సంచి బేరాలు మన వాళ్ళలో అలవాటయ్యాయి. కరువు పోయింది, అలవాటు మిగిలింది. ఆ యాభై తూటాల మీద బావకి మిగిలింది ఏడో ఎనిమిదో డాలర్లు. ఒక బిర్యానీ కూడా రాదు.

ఇక అందరూ తప్పకుండా చదవాల్సిన ముక్క. హెచ్1బి, ఎఫ్1 మీద ఉన్నవాళ్ళకి తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధం. మినహాయింపులు కొన్నే, అందులో మనకి పనికొచ్చేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు. 2022 నుంచి దీనికి గరిష్ఠ శిక్ష పదిహేనేళ్ళు. స్నేహితుడి తుపాకీ, రేంజులో అద్దె తుపాకీ అంటే నడుస్తుందనుకోకండి. ఫ్లోరిడాలో స్టేటస్ పోయిన ఒక విదేశీ విద్యార్థి రేంజుకెళ్ళి కాల్చినందుకు కేసయి, జైలు శిక్ష పడి, సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. రెహైఫ్ కేసు అంటారు, 2019 తీర్పు. తన స్టేటస్ గురించి అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలని కోర్టు అంది. మన వాళ్ళకి తమ స్టేటస్ రోజుకి నాలుగుసార్లు గుర్తుంటుంది కదా, ఆ వాదన మనకి పనికొస్తుందా చెప్పండి! మా గుడివాడ కుర్రాడికి వేట లైసెన్సు లేదు, అలాంటిది ఒకటుందని కూడా తెలీదు. చేతికిచ్చిన బావ సిటిజన్. ఆయనకి ఏమీ పోదనుకున్నాడు.

అలాగే మిగిలిన ఒకటో రెండో బ్యాక్‌ప్యాక్ అడుగున మర్చిపోయి ఇండియా విమానం ఎక్కితే, ఇక్కడో శంషాబాదులోనో స్కానర్ కింద కనపడుతుంది. మన ఆయుధాల చట్టం 1959 నాటిది. లైసెన్సు లేకుండా తూటా ఉంచుకోవడం కూడా నేరమే, తయారు చెయ్యడమూ నేరమే. తెలియక ఉండిపోయిందని చివరికి కోర్టులో బయటపడొచ్చు. ఈలోపు సెలవులు, ఉద్యోగం, వీసా స్టాంపింగు ఏమవుతాయో ఆలోచించుకోండి.

తిట్టి ఊరుకుంటే ఏం లాభం, చెయ్యాల్సింది కూడా చెప్తాను.

పెట్టె, లాట్ నంబరు లేని తూటా ఎవరిచ్చినా వద్దనండి. "నాకు లైసెన్సు లేదు" అనండి, "మా ఆవిడ ఒప్పుకోదు" అనండి, ఏదైనా పరవాలేదు. కళ్ళద్దాలు లేకుండా కాల్పుల దగ్గర నిలబడకండి, చూడ్డానికైనా సరే. శబ్దం తేడాగా వచ్చినా, దెబ్బ తేడాగా తగిలినా వెంటనే ఆపెయ్యండి. గొట్టం కట్ట వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలేవి కూడా ఉంటాయి. తర్వాత పూర్తిగా ఖాళీ చేసి, తెలిసినవాళ్ళ చేత గొట్టం చూపించండి. లోపల ఇరుక్కున్నదాన్ని ఇంకో తూటాతో తోసేద్దాం అనేవాడు స్నేహితుడైనా సరే, దండం పెట్టి కారెక్కండి. ఇప్పటికే ఇంట్లో సంచి ఉంటే చెత్తబుట్టలో వెయ్యకండి. రేంజు వాళ్ళకో, పోలీసులకో ముందు ఫోన్ చేసి, వాళ్ళు చెప్పినట్టు అప్పగించండి.

2024లో పై చదువుకి వచ్చిన ఒక తెలుగు విద్యార్థి తన చేతిలో తుపాకీ పేలి పోయాడని వార్త చూసినప్పుడు మన వాట్సాప్ గుంపులన్నీ "ఓం శాంతి"లతో నిండిపోయాయి. నెల తిరిగాక అవే గుంపుల్లో రాంచ్ ఫోటోలు. తుపాకి రాముడి వేషం ఊళ్ళో చూస్తే నవ్వొచ్చేది, ఎందుకంటే వాడి తుపాకీ కర్రది.

ఆ సాయంత్రం బావ నాతో మాట్లాడలేదు. "పండగ పాడు చేశావు, ఇంత పిరికివాడివి అనుకోలేదు" అన్నాడు. పిరికివాణ్ణే. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమని ముంచేసినప్పుడు మా నాయనమ్మ తన అక్కనీ, అక్క పిల్లల్నీ పోగొట్టుకుంది. ఆ రోజు పొద్దున "గాలీవానా మనకేం కొత్తా, ఏం కాదులే" అని అందరూ అనుకున్నారని చెప్పేది. మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనకూడదు. అంటే ఆవిడ అన్నం తినేది కాదు. నాకు ఆ పిరికితనం ఆవిడ దగ్గర నుంచే వచ్చింది, పోగొట్టుకునే ఉద్దేశం లేదు.

బావా, ఇది నువ్వు చదువుతావని తెలుసు. ఆ సంచి ఇంకా నీ గరాజ్‌లోనే ఉంది. వచ్చే శనివారం నేనే వస్తాను, ఇద్దరం కలిసి వెళ్ళి అప్పగించేద్దాం. ఆ ఎనిమిది డాలర్లూ నేనే ఇస్తా :)

తా.క.: కుర్రాడు వాళ్ళమ్మకి ఏమీ చెప్పలేదు. నన్నూ చెప్పద్దన్నాడు. అందుకే ఎవరి పేర్లూ రాయలేదు.